పట్టడలో మిగిలిన తెలుగు: కోయంబత్తూరు కంసాలి ఇంటి మాటలు

గీటురాయి, మూస, పుటం, మెరుగు, తరుగు, వన్నె. తెలుగు చదవగలిగిన ఎవరికైనా ఈ ఆరు మాటలూ తెలిసే ఉంటాయి. ఉప ఎన్నిక వస్తే అది ప్రభుత్వానికి గీటురాయి అని పేపర్లో రాస్తారు. సినిమా బాగాలేకపోతే మూస కథ అంటారు. పిల్లలు కొంచెం బాగా చదివితే మెరుగుపడ్డారంటారు. ఇన్నిసార్లు వాడతాం గానీ ఇవన్నీ కంసాలి కుంపటి చుట్టూ తిరిగే పనిమాటలని మనకి గుర్తుండదు.

మాది కోయంబత్తూరు. మా ఇంట్లో ఈ మాటలు ఇంకా పనిమాటలుగానే ఉన్నాయి. మా నాయన, చిన్నాయన, తాత అందరూ నగపని చేసినవాళ్లే. మా ఇళ్లలో ఆడపిల్లలు పట్టడలో కూర్చోవడం అలవాటు లేదు. నేను నాలుగేళ్ల క్రితం, ఉద్యోగం చేసుకుంటూనే, ఆదివారాలు నాయన పక్కన కూర్చుని వెండితో నేర్చుకోవడం మొదలుపెట్టాను. పనితోపాటు మాటలు కూడా ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకంలోంచి కొన్ని ఇక్కడ పెడుతున్నాను. మాటల జాబితా ఇవ్వాలని మాత్రం కాదు. చేత్తో నగ చేసేవాడు ఎక్కడెక్కడ ఆగి, చూసి, ఆలోచిస్తాడో అక్కడక్కడ ఒక మాట ఉంది. ఆ ఆగడం పోతే మాట పోతుంది. మాట పోతే అక్కడ ఆగాలన్న సంగతే తర్వాతివాళ్లకి తెలీదు. ఈ వ్యాసంలో చెప్పదలచింది అదే.

పట్టడ అంటే ఏంటి, కంసాలి అంటే ఎవరు

కోయంబత్తూరు బంగారు పనికి పేరున్న ఊరు. రాజవీధిలో అంగళ్లు, సెల్వపురం, తెలుంగుపాళయం వైపు పనివాళ్ల ఇళ్లు. తెలుంగుపాళయం పేరులోనే తెలుగు ఉంది, వేరే చెప్పక్కర్లేదు. అయితే అక్కడున్న పనివాళ్లందరూ తెలుగువాళ్లనుకోకండి. తమిళ ఆసారులు, పత్తర్లు ఎక్కువ. కేరళ నుంచి వచ్చినవాళ్లూ, ఇప్పుడు బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్ల మధ్య మాలాంటి తెలుగు ఇళ్లు కొన్ని.

నగపని చేసేవాణ్ణి తెలుగులో కంసాలి అంటాం, అగసాలి అని కూడా అంటాం. కన్నడంలో అక్కసాలిగ. అగసాలి, అక్కసాలిగ ఒక ఇంటి మాటలేనని చెవికే తెలిసిపోతుంది. తమిళంలో తట్టాన్, పత్తర్, ఆసారి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వేసిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాల్లో తెలుగు కంసాలలకి ఒక పద్దు, తమిళ కమ్మాళర్లకి ఇంకో పద్దు ఉన్నాయి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి కలిపి అయిదు పనులు కాబట్టి పంచాణంవారనే పేరు.

పని చేసే చోటుని మేం పట్టడ అంటాం. తమిళంలో పట్టరై, కన్నడంలో పట్టడి. ఈ మాటకి దాగలి అనే అర్థం కూడా ఉంది. దాగలి అంటే బంగారాన్ని ఏ ఇనుపదిమ్మ మీద పెట్టి కొడతారో ఆ దిమ్మ. దాని పేరే ఆ గదికి కూడా పెట్టారన్నమాట. మూడు భాషలవాళ్లూ అదే చేశారు. నిజంగానే పట్టడలో దాగలి ఒక్కటే కదలదు, మనిషి దాని చుట్టూ సర్దుకుని కూర్చోవాలి.

చేతి మాటలు తెలుగు, చేతిలో డబ్బు మాటలు అరవం

నోటుబుక్కు సగం నిండాక ఒక సంగతి గమనించాను. మా నాయన నోట పనిముట్ల పేర్లు, నిప్పు పేర్లు, చేతి కదలిక పేర్లు తెలుగులోనే ఉన్నాయి. అంగడితో, గిరాకీతో మాట్లాడే మాటలన్నీ తమిళం అయిపోయాయి.

పనిముట్లు చూడండి. ఆకురాయిని తమిళంలో అరం అంటారు, మా పట్టడలో ఆకురాయే. వెలిగారాన్ని తమిళంలో వెంగారం అంటారు, మాకు వెలిగారమే. సన్నటి ముక్కల్ని పట్టుకునే చిన్న పట్టకారు శ్రావణం. నాయన నోట అది సావణం. పక్కింటి తమిళ ఆసారి సామణం అంటాడు. సుత్తి వాళ్లకి సుత్తియల్. మూస వాళ్లకి మూసై. గీటురాయికి ఇంకో పేరైన ఒరగల్లు వాళ్లకి ఉరైకల్. కొన్ని రెండు భాషలకీ ఉమ్మడి ఆస్తి, కొన్ని సంస్కృతం నుంచి ఇద్దరికీ చేరినవి. అయినా పలికే తీరులో మా ఇల్లు మా ఇల్లుగా ఉంది.

ఇక డబ్బు వైపుకి రండి. తరుగు అని ఇంట్లో అంటాం గానీ అంగడిలో సేదారం. మజూరీ పోయి సెయ్‌కూలి వచ్చింది. తులం అనే మాట మా తరానికి తెలీనే తెలీదు, అంతా పవునే, అంటే 8 గ్రాములు. బంగారం కూడా అంగడి గడప దాటితే తంగం. ఇందులో వింతేం లేదు. కొనేవాళ్ల భాషలో అమ్మాలి. కానీ కుంపటి ముందు కూర్చుని పని చెప్పేటప్పుడు కొనేవాళ్లెవరూ ఉండరు, తండ్రీ బిడ్డా ఉంటారు. అందుకే ఆ మాటలు నిలిచాయని నా లెక్క.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ రెండు కొలతలు పట్టుకుని మా ఇంట్లో పక్కపక్కనే కూర్చున్నాయి. మేలిమి బంగారాన్ని తెలుగులో పదహారు వన్నెల బంగారం అంటాం. తమిళంలో పత్తరై మాట్టు తంగం అంటారు, అంటే పదిన్నర మాట్టు. ఒకరి లెక్కలో స్వచ్ఛతకి పైమెట్టు 16, ఇంకొకరి లెక్కలో పదిన్నర. ఇప్పటి లెక్కలో 24 క్యారట్లు. మా తాత తెలుగు గిరాకీతో వన్నె అనీ, తమిళ గిరాకీతో మాట్టు అనీ అనేవాడట. 22 క్యారట్లు తీసుకుంటే వన్నెల్లో పద్నాలుగున్నరకి కాస్త పైన, మాట్టులో తొమ్మిదిన్నరకి కాస్త పైన పడుతుంది. అదే ముక్క, అదే మెరుపు, పేరు మూడు రకాలు.

ఒక బొట్టు తయారయ్యే తీరు

తాళిని మా ఇళ్లలో బొట్టు అంటాం. గుండ్రటి చిన్న బిళ్ల, మధ్యలో గుబ్బలాగా కొంచెం ఉబ్బి ఉంటుంది. పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి, రెండు బొట్లు. తమిళంలో కూడా ఈ రకాన్ని పొట్టుత్తాలి అంటారు. దీనికంటే సాదా నగ ఉండదు, కాబట్టి పని నేర్పడానికి నాయన దీన్నే ఎంచుకున్నాడు. బంగారంతో కాదు, వెండితో. ఎన్ని చేశానో లెక్కలేదు. చేసినవన్నీ మళ్లీ మూసలోకే వెళ్లాయి.

మొదట గీటు. వచ్చిన బంగారాన్ని నల్లటి గీటురాయి మీద రుద్దితే సన్నటి గీత పడుతుంది. దాని పక్కనే, వన్నె ముందే తెలిసిన కడ్డీతో ఇంకో గీత గీస్తారు. రెండు గీతల రంగూ పోల్చి చూస్తారు. కావాలంటే ఆమ్లం చుక్క వేసి ఏ గీత ఎంత నిలుస్తుందో చూస్తారు. ఇక్కడ గమనించండి, గీటురాయి తనంతట తాను ఏదీ చెప్పదు. పక్కన తెలిసిన గీత ఉండాలి, చూసే కన్ను ఉండాలి. పేపర్లో గీటురాయి అన్నప్పుడు ఈ రెండో గీత సంగతి మనం మరిచిపోయాం.

తర్వాత తూకం. ఇప్పుడు మిల్లీగ్రాములు చూపించే ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది. తాత కాలంలో గురిగింజలు. తులానికి 96 గురిగింజలు. తులం 11.66 గ్రాములు కాబట్టి గింజకి రమారమి 0.12 గ్రాములు. తమిళంలో ఈ గింజ కుండుమణి. గింజలన్నీ ఒకే బరువు ఉండవు కాబట్టి ఏరుకోవడమే ఒక పని. ఎండినవి, ముడతలు పడనివి ఏరి డబ్బాలో పెట్టుకునేవాళ్లు. ఆ డబ్బా ఇంకా మా పట్టడలో ఉంది, తూకానికి కాదు, గుర్తుకి.

తర్వాత కరగబెట్టడం. కుంపట్లో బొగ్గులు, వాటి మధ్య మూస, మూసలో లోహం, పైన చిటికెడు వెలిగారం. వెలిగారం కరిగి లోహం మీద మురికిని లాగేస్తుంది, గాలి తగలకుండా కప్పుతుంది. స్వచ్ఛమైన బంగారం 1064 డిగ్రీల దగ్గర, వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పట్టడలో ఉష్ణమాపకం ఏమీ లేదు. లోహం ముందు ఎర్రబడుతుంది, అంచులు కుంగుతాయి, ఒక్కసారిగా గుండ్రంగా ముడుచుకుని అద్దంలాగా తేటపడుతుంది. ఆ తేట చూసి పొయ్యాలి. ముందు పోస్తే కడ్డీలో మడతలు పడతాయి. ఆలస్యం చేస్తే రాగి మాడి లోహం పాడవుతుంది. కంసాలి పట్టడలు ఎప్పుడూ మసకచీకటిగా ఎందుకుంటాయో నాకు అప్పుడే అర్థమైంది. వెలుతురు ఎక్కువైతే నిప్పు రంగు కనపడదు.

కడ్డీని దాగలి మీద పెట్టి రేకు చేయాలి. నాలుగు దెబ్బలు కొట్టేసరికి లోహం బిగుసుకుంటుంది. ఇంకా కొడితే అంచున పగులుతుంది. కాబట్టి మళ్లీ నిప్పులో పెట్టి కాచి మెత్తబరచాలి, మళ్లీ కొట్టాలి. ఎప్పుడు కాచాలో తెలిసేది చెవికి. మెత్తగా ఉన్నప్పుడు సుత్తి చప్పుడు మందంగా ఉంటుంది, బిగుసుకునేకొద్దీ సన్నబడుతుంది. నాయన ఇంకో మూల కూర్చుని తన పని చేసుకుంటూనే, నా వైపు చూడకుండానే అంటాడు: "అమ్మణీ, బిగుసుకోనుండాది. ఇంగొక మాటు కాచు."

రేకుని గుండ్రంగా కత్తిరించి, గుంటలున్న దిమ్మలో పెట్టి మెల్లగా కొడితే గుబ్బ లేస్తుంది. అంచు చుట్టూ వెయ్యడానికి సన్నటి కమ్మి కావాలి. తమిళంలో కంబి, మాకు కమ్మి. దాన్ని తీసేది కమ్మెచ్చులో. కమ్మెచ్చు అంటే వరసగా చిల్లులున్న ఉక్కు పలక. ఒక చిల్లు కంటే తర్వాతి చిల్లు సన్నం. లావు కమ్మిని పెద్ద చిల్లులోంచి లాగి, తర్వాతి దాంట్లోంచి లాగి, అలా తీస్తూ పోతే వెంట్రుక అంత సన్నం చేయొచ్చు. ఒక చిల్లు దాటేసి లాగుదామనుకుంటే తెగిపోతుంది. మనిషిని క్రమశిక్షణలో పెట్టడాన్ని కమ్మెచ్చులో తీసినట్టు అని తెలుగులో ఎందుకంటారో ఇది ఒకసారి చేస్తే తెలుస్తుంది. బలం చాలదు, వరస తప్పకూడదు.

ఇక అతుకు. ఇదే అన్నిటికంటే కష్టం. బొట్టుకంటే కొంచెం తక్కువ వేడికి కరిగే లోహాన్ని అరగదీసి పొడి చేసి, వెలిగారంతో కలిపి అతుకు దగ్గర పెడతారు. దీన్ని మేమూ, తమిళ ఆసారులూ పొడి అనే అంటాం. తర్వాత ఊదుగొట్టంతో దీపం మంటని దాని మీదికి ఊదాలి. ఇప్పుడు గ్యాసు మంటలు వచ్చాయి గానీ నాయన నాకు ఊదుగొట్టంతోనే నేర్పాడు. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో పీలుస్తూ, మంట తెగకుండా ఊదాలి. పొడి మీద ఊదకూడదు. మొత్తం బొట్టుని వేడి చేయాలి, అప్పుడు పొడి కరిగి వేడి ఉన్న వైపుకి తానే పరుగెత్తుతుంది. ఒక వెలుగు గీతలాగా అతుకంతా పాకుతుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్క ఊపిరి ఊదితే బొట్టే కరిగి ముద్దవుతుంది. ఊదుగొట్టం నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడలేం. పక్కనున్నవాళ్లే చెప్పాలి: "ఇంగ కొంచెం... ఇంగ... సాలు, సాలు!"

తమిళంలో లోపల ఒకటి పెట్టుకుని మాట్లాడటాన్ని పొడి వైత్తుప్ పేసువదు అంటారు. మా పట్టడలో దాన్ని ఈ పొడితోనే ముడిపెట్టి చెబుతారు. అతికిన చోటు కనపడదు కదా, అలా.

చివరికి ఆకురాయి, తర్వాత మెరుగు. ఆకురాయితో అరగదీస్తే పడే రజను, నేల మీద దుమ్ము, కుంపటి బూడిద, అన్నీ దాస్తారు. కింద గుడ్డ పరుచుకుంటారు, చేతులు కడిగిన నీళ్లు కూడా పారబొయ్యరు. అయినా కొంత పోతుంది. ఆ పోయేదే తరుగు. కంసాలి కన్నతల్లి బంగారాన్నీ వదలడనే సామెత మనలో ఉంది, మా పిల్లలు బడిలో కూడా వింటారు. తరుగు అనే మాట ఆ సామెతకి జవాబు. అది దాచుకున్న బంగారం కాదు, ఆకురాయి తిన్నదీ నిప్పు తిన్నదీ. ఎంత పోయిందో తూచి చూపించలేని కాలంలో ఆ మాట మీద నమ్మకంతోనే ఇరుపక్కలా లావాదేవీ నడిచింది.

చింతపండు నీళ్లతో మురికి తీసి, కుంకుడుకాయ నురగతో కడిగి, మెరుగు పెడితే బొట్టు తయారు.

ఆగే చోట్లు

పైన చెప్పిన పనిలో ఎన్నిసార్లు ఆగామో చూడండి. గీటు చూడ్డానికి ఆగాం. తేట చూడ్డానికి ఆగాం. చప్పుడు వినడానికి ఆగాం. చిల్లు మార్చేటప్పుడు ఆగాం. పొడి పరుగెత్తేటప్పుడు ఊపిరే ఆపాం. చేతిపని అంటే చేతులు ఆడిస్తూనే ఉండటం అని నేను అనుకునేదాన్ని. నిజానికి సగం పని ఆగి చూడటమే. ఆ క్షణంలో చేసిన నిర్ణయం మళ్లీ వెనక్కి రాదు. మనసు ఇంకెక్కడో ఉంటే వస్తువు చెబుతుంది. అందుకే ఆదివారం పట్టడలో నాలుగు గంటలు కూర్చుని లేస్తే, చేసింది చిన్న బిళ్లే అయినా, వారమంతా ఆఫీసులో చేసినదానికంటే ఎక్కువ ఆలోచించినట్టు ఉంటుంది.

యంత్రం పని వేరు. మైనంతో ఒక నమూనా చేస్తారు. దానికి రబ్బరు అచ్చు తీసి, అందులోంచి వందల మైనం ముక్కలు తీస్తారు. వాటిని ఒక కాడకి చెట్టుకొమ్మల్లాగా అతికించి, చుట్టూ సున్నంలాంటి ముద్ద పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోస్తారు. ఒక్క పోతతో చెట్టు నిండా ఒకేలాంటి నగలు. బొట్ల లాంటివి అయితే డైతో గుద్దేస్తారు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కొలత తప్పదు, ధర తక్కువ, పేదింటి పెళ్లికి కూడా బంగారం అందుతోంది. మైనం నమూనా చేసేవాడికి కూడా కన్ను కావాలి. కానీ ఆ ఒక్కడు ఒక్కసారి ఆలోచిస్తే చాలు, తర్వాత వచ్చే వెయ్యికి ఎవరూ ఆగక్కర్లేదు. మూస కథ అనడంలో తెలుగువాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఇదే. మూస తప్పు కాదు, మూస దగ్గరే పని అయిపోయిందనుకోవడం తప్పు.

యంత్రం పట్టడలో కొత్త మాటలు వచ్చాయి: కాస్టింగ్, డై, లేజర్, ఫినిషింగ్. వాటిలో చాలావరకు గది పేర్లు, యంత్రం పేర్లు. లోహం చప్పుడు సన్నబడిన క్షణానికి అక్కడ పేరు లేదు, అక్కర్లేదు కాబట్టి.

మాటలు ఎప్పుడు పోయాయి

మాట ఒక్కరోజులో పోదు. మా ఇంటి లెక్కలో రెండు దెబ్బలు గట్టివి.

మొదటిది 1963 జనవరి. కేంద్ర ప్రభుత్వం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారట్లకి మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదంది. 14 క్యారట్లంటే 58 శాతమే బంగారం. మిగతాది రాగి, వెండి. అది ఎర్రగా, బిరుసుగా ఉంటుంది. 22 క్యారట్ల మెత్తదనానికి అలవాటుపడ్డ చెయ్యికి లొంగదు. గిరాకీలకీ అది అక్కర్లేదు. దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారాయి. 14 క్యారట్ల నిబంధనని 1966లో ఎత్తేశారు గానీ 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది, అది 1990 దాకా ఉంది. మా తాత అన్నదమ్ముల్లో ఇద్దరు ఆ రోజుల్లోనే మిల్లు పనికి వెళ్లిపోయారు. వాళ్ల పిల్లలకి కమ్మెచ్చు అంటే ఏంటో తెలీదు. వాళ్లు ఇప్పుడు ఇంట్లో కూడా ఎక్కువగా తమిళమే మాట్లాడతారు. భాష పోవడం, పని పోవడం రెండూ కలిసే జరిగాయి.

రెండోది ఈ మధ్యది. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య లేనిదే అంగడిలో హాల్‌మార్కు నగ అమ్మకూడదు. కొనేవాళ్లకి ఇది మంచిదే, నేను కూడా ఆ ముద్ర చూసే కొంటాను. కానీ దీంతో గీటురాయి పని యంత్రానికి వెళ్లింది. కిరణాలతో పరీక్షించే యంత్రం క్షణాల్లో 916 అని అంకె చూపిస్తుంది. నాయన గీటురాయి ఇప్పుడు బీరువాలో ఉంది. మాట మాత్రం పేపర్లలో క్షేమంగా ఉంది. రాయి లేకుండా గీటురాయి ఎంతకాలం అర్థమవుతుందో చూడాలి.

అర్థం మరిచిపోయినా మాట బతకగలదు, అది కూడా నిజమే. చెవి కమ్మలు తీసుకోండి. కమ్మ అంటే తాటాకు. ఒకప్పుడు తాటాకు చుట్టి చెవికి పెట్టుకునేవాళ్లు, తర్వాత అదే ఆకారం బంగారంలోకి వచ్చింది, పేరు కమ్మే. తమిళంలో కూడా ఓలై అంటే తాటాకు, చెవి నగ కూడా. గొలుసు ఇంకో రకం. తెలుగులో అది ఏ గొలుసైనా కావచ్చు. తమిళంలో కొలుసు అంటే కాలికి పెట్టుకునేదే. మా ఇంట్లో మెడలోది చైను, కాలిది గొలుసు. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలావిడ "పాపకి గొలుసు చేయించావా" అంటే మా అవ్వ పాప కాళ్ల వైపు చూసింది. ఇలాంటివి పోయినవి కాదు, జరిగినవి. పొలిమేర భాషల్లో మాట ఇలా పక్కకి జరిగి బతుకుతుంది.

కానీ కాచడం, తేట, పొడి పరుగు లాంటివి అలా జరగలేవు. అవి వస్తువు పేర్లు కాదు. ఆ క్షణం చూసినవాడి నోట్లోనే ఉంటాయి.

ఏం చేస్తున్నాను

మాటలు ఒట్టిగా రాసుకుంటే చాలదని మొదటి ఏడాదే తెలిసింది. "తేట" అని రాసి పక్కన "లోహం కరిగి అద్దంలా మారడం" అని రాస్తే, అది చదివి ఎవరూ కడ్డీ పొయ్యలేరు. అందుకని ఇప్పుడు ప్రతి మాట పక్కనా మూడు సంగతులు రాస్తున్నాను: ఆ మాట ఎప్పుడు అంటారు, అన్నాక చెయ్యి ఏం చేయాలి, చేయకపోతే ఏం పాడవుతుంది. నాయన గొంతు ఫోన్లో రికార్డు చేస్తున్నాను, పని ఆపి కాదు, పని జరుగుతుండగానే. సుత్తి చప్పుడు కూడా అందులో పడుతుంది కాబట్టి బిగుసుకున్న చప్పుడేదో, మెత్తటిదేదో వినేవాళ్లకి తెలుస్తుంది.

ఇవి ఒక ఇంటి మాటలే. బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కంసాలులు ఒడియా మాటల మధ్య ఏవి నిలుపుకున్నారు? కటకం తారకసి పనికీ, మన కరీంనగరం వెండి తీగ పనికీ కమ్మి తీసే పలక ఒకటే కదా, దాన్ని ఒడిశాలోని తెలుగువాళ్లు ఏమంటారు? బళ్లారి, కోలారు, బెంగళూరు పట్టడల్లో అగసాలి అంటారా, అక్కసాలి అంటారా? హోసూరు, మదురై, విరుదునగర్ వైపు తరుగుని సేదారం పూర్తిగా మింగేసిందా? షోలాపూర్, యానాం ఇళ్లలో ఎవరైనా ఈ పని చేసినవాళ్లున్నారా?

మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ పాత కంసాలి ఉంటే వెళ్లి ఒక గంట కూర్చోండి. పనిముట్ల పేర్లు తర్వాత అడగొచ్చు. ముందు ఆయన పని ఆపి చూసేటప్పుడు, నోట్లో నోట్లో ఏమంటాడో ఆ మాట రాసి పంపండి.